మేధో వైకల్యం ఉన్న పాత్రను తెరమీద ఎలా చూపించాలి? పాత బొమ్మలు చెప్పే జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు తీయబోయే షార్ట్ ఫిల్మ్‌లో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, మేధో వైకల్యం ఉండే ఒక జన్యు స్థితి) ఉన్న ఇరవై ఏళ్ళ అబ్బాయి ఉన్నాడు. కథ మాత్రం వాళ్ళ అన్నయ్యది. ఆ అబ్బాయిని జాలిగొలిపేలా కాకుండా, నవ్వులపాలు చేయకుండా ఎలా చూపించాలి? ఇంతకుముందు చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, దర్శకులు ఇలాంటివాళ్ళను ఎలా చూపించారు? మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళు బొమ్మలు వేసుకునే ఒక స్టూడియోలో నేను చాలాకాలంగా పనిచేస్తున్నాను. కళా చరిత్ర పాఠాలు కూడా చెబుతాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జాలి, వెటకారం గురించి మీరు టెన్షన్ పడుతున్నారు. అది మంచిదే, కానీ అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ ఫ్రేములో ఆ మనిషికి ఏం కావాలి? అతను దేన్నైనా చూస్తున్నాడా, ఏదైనా పని చేస్తున్నాడా, ఎవరి మాటకైనా కుదరదు అంటున్నాడా? లేక మిగతావాళ్ళు చూడటానికి మాత్రమే అక్కడ కూర్చున్నాడా? ఎంతో ప్రేమగా తీసిన సినిమాలు కూడా ఈ ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతాయి. రాజుగారి వినోదం కోసం వేయించిన బొమ్మ ఒకటి మాత్రం నిలబడుతుంది. దానితోనే మొదలుపెడతాను.

స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థానంలో వెలాస్కెజ్ చిత్రకారుడు. ఆ రోజుల్లో రాజభవనాల్లో మరుగుజ్జులను, మేధో వైకల్యం ఉన్నవాళ్ళను కాలక్షేపం కోసం పెట్టుకునేవారు. అలాంటివాళ్ళలో ఫ్రాన్సిస్కో లెజ్కానో ఒకడు, యువరాజు దగ్గర ఉండేవాడు. వెలాస్కెజ్ అతని బొమ్మను 1635, 1645 మధ్య ఎప్పుడో వేశాడు. ఇప్పుడది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ఇంటర్నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది, తెరిచి పెట్టుకుని ఇది చదవండి.

ఆకుపచ్చ బట్టల్లో ఒక రాతి మీద కూర్చున్నాడు. ఒక కాలు మనవైపు చాపాడు, బూటు అడుగు మనకు కనిపిస్తోంది. చేతుల్లో ఏదో ఉంది, పేకముక్కలని చాలామంది అంటారు. తల కొద్దిగా వెనక్కి వాల్చి, పక్కకు వంచి, సగం వాలిన కళ్ళతో మనల్ని చూస్తున్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. వెనకాల ఒకవైపు చీకటి, ఇంకోవైపు దూరంగా కొండలు. ఇప్పుడు చిత్రకారుడు ఎక్కణ్ణుంచి చూస్తున్నాడో గమనించండి. లెజ్కానో కూర్చున్నాడు కాబట్టి మామూలుగా పైనుంచి కిందికి చూడాలి. ఇక్కడ అలా లేదు. చిత్రకారుడి చూపు అతని ముఖం ఎత్తుకు దిగింది. అతనే తల వెనక్కి వేసి, మనల్ని కాస్త కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. చేతిలో పని మధ్యలో ఆపి, ఎవరో వచ్చారు కాబట్టి తల ఎత్తినట్టుంటుంది. మనం వెళ్ళిపోతే మళ్ళీ తన పనిలో పడతాడు. ఆ బొమ్మలో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

చాలామంది డాక్టర్లు ఈ బొమ్మ చూసి లెజ్కానోకి ఏ జబ్బు ఉండేదో తేల్చడానికి వ్యాసాలు రాశారు. అదొక అలవాటుగా మారింది. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో 1515 ప్రాంతపు ఫ్లెమిష్ చిత్రం ఒకటి ఉంది, బాల యేసును అందరూ ఆరాధిస్తున్న దృశ్యం. అందులో ఒక దేవదూత ముఖంలో డౌన్ సిండ్రోమ్ లక్షణాలు కనిపిస్తున్నాయని 2003లో ఇద్దరు పరిశోధకులు రాశారు. ఔనో కాదో బొమ్మను బట్టి రుజువు చేసే దారి లేదు. నన్ను ఆపేది వేరే సంగతి. ఆ దేవదూత మరియకు దగ్గరగా, మిగతా దేవదూతలతో కలిసి అదే పనిలో ఉంది. ఎవరూ తిరిగి దాన్ని చూడటం లేదు. మీ సినిమాలో అలాంటి షాట్ ఒక్కటి పెట్టగలరా? నలుగురు కూర్చున్న గదిలో మీ అబ్బాయి కూడా ఉండాలి, ఎవరూ అతన్ని ప్రత్యేకంగా చూడకూడదు, సంగీతం మారకూడదు.

ఇక్కడ ఒక చిన్న మాట. మరుగుజ్జుతనం, మానసిక అనారోగ్యం, మేధో వైకల్యం, మూడూ వేరు. పాత బొమ్మల గురించి రాసేవాళ్ళు తరచుగా మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1820ల్లో వేసిన ప్రసిద్ధ చిత్రాలు మానసిక రోగులవి, మీ పాత్రకు వాటితో సంబంధం లేదు. స్క్రిప్ట్‌లో కూడా ఈ తేడా స్పష్టంగా ఉండాలి.

ఫొటోగ్రఫీ వచ్చాక పరిస్థితి మారింది. ఇంగ్లండ్‌లోని ఎర్ల్స్‌వుడ్ అనే ఆశ్రమానికి 1858 నుంచి 1868 దాకా జాన్ లాంగ్డన్ డౌన్ మెడికల్ సూపరింటెండెంట్. డౌన్ సిండ్రోమ్‌ను 1866లో వర్ణించింది ఆయనే, అందుకే ఆ పేరు. అక్కడ ఉండేవాళ్ళను ఆయన ఫొటోలు తీశాడు, ముఖాలను బట్టి వర్గీకరించడానికి. అప్పట్నుంచి ఇలాంటి మనిషి బొమ్మ అనగానే ‘లక్షణాలు చూపించే ముఖం’ అనే అర్థం స్థిరపడిపోయింది. అదే ఆశ్రమంలో, అదే కాలంలో జేమ్స్ హెన్రీ పుల్లెన్ అనే అతను ఉండేవాడు. వినికిడి చాలా తక్కువ, మాటలు దాదాపు రావు. వడ్రంగంలో మాత్రం అసాధ్యుడు. గ్రేట్ ఈస్టర్న్ ఓడ నమూనాను ఏళ్ళ తరబడి కూర్చుని చేశాడు, అందులో పెట్టే మేకులు, కప్పీలతో సహా తనే చేసుకుని. తన జీవితాన్ని కూడా చిన్న చిన్న బొమ్మలుగా గీసి పెట్టాడు. ఒకే కప్పు కింద ఒకరు ముఖాలను ఫొటో తీసి వర్గాలుగా పెడుతుంటే, ఇంకొకరు తన కథను తనే బొమ్మలుగా వేసుకున్నారు. పుస్తకాల్లో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది. రెండోది వెతికి చూడండి, మీ పని మారిపోతుంది.

ముఖాల ఫొటోలు ఎంత దూరం వెళ్ళాయో కూడా చెప్పాలి. 1912లో అమెరికా మనస్తత్వవేత్త హెన్రీ గొడ్డార్డ్ ఒక కుటుంబం మీద పుస్తకం వేశాడు. ‘మందబుద్ధి’ వంశపారంపర్యంగా వస్తుందని, అలాంటివాళ్ళను సంస్థల్లోనే, అంటే వాళ్ళను జనానికి దూరంగా విడిగా పెట్టే వసతి గృహాల్లోనే, ఉంచాలని అందులోని వాదం. ఆ కుటుంబం నుంచి వచ్చి సంస్థలో ఉన్న అమ్మాయి ఫొటోల్లో పొందికగా కూర్చుని ఉంటుంది. ఒక దాంట్లో తెల్లటి దుస్తుల్లో పుస్తకం చదువుకుంటూ, ఒడిలో పిల్లితో. బయట పల్లెలో ఉన్న ఆమె బంధువుల ఫొటోల్లో మాత్రం కళ్ళు, నోళ్ళ దగ్గర నల్లటి గీతలతో రీటచ్ చేశారు. చూస్తే భయం వేస్తుంది. ఆ గీతలు కావాలని దిద్దారని శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1981లో రాశాడు. ఆ రోజుల్లో ప్రింటింగ్ కోసం అలా దిద్దడం మామూలేనని ఇంకొందరు వాదించారు. ఉద్దేశం ఏదైనా, పేజీ తిప్పిన పాఠకుడికి కనిపించింది మాత్రం గోడల లోపల బుద్ధిమంతురాలు, బయట రాక్షసులు.

1930ల చివర్లో నాజీ పార్టీ జాతి విధాన శాఖ పత్రిక పోస్టర్ ఇంకా సూటిగా ఉంటుంది. వైకల్యం ఉన్న ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు. వెనకాల తెల్లకోటు వేసుకున్న, పొడుగాటి, అందగాడైన యువకుడు అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంటాడు. ఈ మనిషి జీవితకాలంలో సమాజానికి 60,000 మార్కుల ఖర్చు అని పక్కన రాసి ఉంటుంది. ఆ చెయ్యి చూడండి. పైకి ఆప్యాయతలాగే ఉంటుంది. ఆ తర్వాత 1939లో మొదలైన హత్యా కార్యక్రమంలో 1941 ఆగస్టులోపే 70 వేల మందికి పైగా వైకల్యం ఉన్నవాళ్ళను, మానసిక రోగులను గ్యాస్ పెట్టి చంపారు. మీ స్క్రిప్ట్‌లో ‘వీడి వల్ల మా జీవితం ఇలా అయిపోయింది’ అని అన్నయ్య లెక్క చెప్పే డైలాగ్ ఉందన్నారు. ఆ బాధ నిజమే, ఉంచండి. కానీ ఆ డైలాగ్ వస్తున్నప్పుడు తమ్ముడి ముఖం మీదికి కట్ చేయకండి. మాటల్లో ఖర్చు, తెరమీద ఆ మనిషి: ఆ పోస్టర్ కూర్పు కూడా సరిగ్గా ఇదే.

మంచి ఉద్దేశంతో తీసిన ఫొటోలకూ చిక్కు ఉంది. 1965 క్రిస్మస్ రోజుల్లో బర్టన్ బ్లాట్, ఫ్రెడ్ కాప్లన్ అమెరికాలోని కొన్ని ప్రభుత్వ సంస్థల్లోకి వెళ్ళి, బెల్టుకు దాచిన కెమెరాతో ఫొటోలు తీశారు. 1972లో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే అలాంటి సంస్థ లోపలి దృశ్యాలు టీవీలో వచ్చాయి. చీకటి గదులు, బట్టల్లేని పిల్లలు. జనం కదిలిపోయారు, కేసులు నడిచాయి, చివరికి 1987లో విల్లోబ్రూక్ మూతపడింది. ఆ కెమెరాలు వెళ్ళకపోయి ఉంటే అవి ఇంకా ఎన్నాళ్ళు నడిచేవో. అయినా ఆ పిల్లల్లో ఎవరినీ అడిగి తీసినవి కావు అవి. అత్యవసరంలో అది తప్పలేదనే నేను అంటాను. మీ షార్ట్ ఫిల్మ్‌లో అలాంటి అత్యవసరం లేదు.

డయాన్ ఆర్బస్ 1969 నుంచి 1971 దాకా ఇలాంటి నివాసాల్లోనే తీసిన ఫొటోల మీద నా మనసు ఇప్పటికీ రెండు వైపులా లాగుతుంది. పచ్చిక మీద మాస్కులు వేసుకుని, చేతులు పట్టుకుని నడుస్తున్నవాళ్ళు. వాళ్ళ ఆనందం వాళ్ళది, కెమెరా కోసం కాదు. ఆ వరకు గొప్పగా ఉంది. కానీ ఒక్కరికీ పేరు లేదు. సిరీస్ పేరు కూడా ‘పేరులేనివి’ అనే. ఆమె చనిపోయాక, 1995లో అవి పుస్తకంగా వచ్చాయి. మీ పాత్రకు మాత్రం పేరు పెట్టండి. స్క్రిప్ట్‌లో ‘తమ్ముడు’ అని మాత్రమే రాసి ఉందని చెప్పారు, అందుకే అంటున్నాను.

ఇక సినిమాలు. వైకల్యం లేని నటుడు ఇలాంటి పాత్ర చేసి అవార్డు అందుకోవడం పాత సంగతే. ‘రెయిన్ మ్యాన్’కు 1988 సంవత్సరపు ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు ఆస్కార్లు వచ్చాయి. ఆటిజం అనే మాట కోట్లమందికి తెలిసింది ఆ సినిమాతోనే, అది చిన్న విషయం కాదు. కానీ దానితోపాటు ఇంకో నమ్మకం పాతుకుపోయింది, ఆటిజం ఉంటే ఏదో ఒక అద్భుత శక్తి ఉంటుందని. నిజానికి అలాంటి ప్రతిభ కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్ళ అమ్మానాన్నలను చుట్టాలంతా ‘మీవాడికి ఏం టాలెంట్ ఉంది?’ అని అడుగుతుంటారు. లెక్కలు రానివాడు, పాట పాడలేనివాడు, బొమ్మ వేయలేనివాడు ఉంటే ఏమైంది? కథలో చోటు సంపాదించుకోవడానికి అతను ఎందుకు అర్హత చూపించాలి?

రెండో అలవాటు మీ స్క్రిప్ట్‌కు దగ్గరగా ఉంది. అన్నయ్య స్వార్థపరుడు, తమ్ముడి అమాయకత్వం చూసి మారతాడు. తమ్ముడు మొదట్లో ఎలా ఉన్నాడో చివర్లోనూ అలాగే ఉంటాడు. దీపస్తంభంలా అతను ఒకేచోట నిలబడి వెలుగిస్తే, ఓడలు మాత్రం దారి మార్చుకుంటాయి. ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటారు, మంచి సినిమా అంటారు. కానీ ఇరవై ఏళ్ళ యువకుడిని అందులో ఎవరూ చూడలేదు. ఆ వయసులో అబద్ధం చెప్పాలనిపిస్తుంది, ఎవరో ఒకరు నచ్చుతారు, ఇంట్లోవాళ్ళ మీద విసుగు వస్తుంది. మా స్టూడియోకు వచ్చేవాళ్ళకు ఇవన్నీ ఉన్నాయి. ‘దేవుడి బిడ్డ’ అనే మాట వింటే కొందరికి కోపం కూడా వస్తుంది.

దీనికి భిన్నమైన దారి చూపిన సినిమా 2019లో వచ్చిన ‘పీనట్ బటర్ ఫాల్కన్’. డౌన్ సిండ్రోమ్ ఉన్న జాక్ గాట్సాగెన్ తనకు సినిమా హీరో కావాలని ఉందని చెబితే, ఆ దర్శకులిద్దరూ అతని కోసమే కథ రాశారు. అందులో అతని పాత్రను వృద్ధాశ్రమంలో పెట్టేస్తారు. కుస్తీవీరుడు కావాలని అక్కణ్ణుంచి పారిపోతాడు. సినిమా కదిలేది ఆ కోరికతోనే. మిగతావాళ్ళు అతని దారిలో తగులుతారు. అంతకు చాలా ముందు 1996లో కాన్స్ చలనచిత్రోత్సవంలో పాస్కల్ డ్యుకెన్‌కు ఉత్తమ నటుడి అవార్డు దక్కింది, సహనటుడు డానియల్ ఒతైతో కలిపి. పాస్కల్‌కూ డౌన్ సిండ్రోమ్ ఉంది. అంటే ‘ఇలాంటి నటులు దొరకరు’ అనే మాటకు 1996లోనే కాలం చెల్లింది.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెబుతాను, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇలాంటివాళ్ళు చేసిన కళ చూడండి. జూడిత్ స్కాట్ 1943లో అమెరికాలో పుట్టింది. డౌన్ సిండ్రోమ్, పైగా చెవుడు. ఆ చెవుడు ఎవరూ ఏళ్ళ తరబడి గుర్తించలేదు, చదువు రాదని తేల్చి ఏడేళ్ళకే సంస్థలో వేశారు. దాదాపు ముప్పై ఐదేళ్ళ తర్వాత ఆమె కవల సోదరి బయటికి తీసుకొచ్చి, ఓక్లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియోలో చేర్పించింది. చాలాకాలం రంగుల మీద ఆమెకు ఆసక్తి కలగలేదు. తర్వాత దారాలు, ఊలు చేతికి వచ్చాయి. దొరికిన వస్తువు చుట్టూ దారం చుడుతూ, ముడివేస్తూ, లోపల ఏముందో కనబడనంత మందంగా పెద్ద పెద్ద ఆకారాలు చేసింది. 2005లో చనిపోయేదాకా ఆమె పని అదే. ఒక్కదానికీ పేరు పెట్టలేదు, వివరణ ఇవ్వలేదు.

వ్యాసాలు రాసేవాళ్ళు మాత్రం వాటిని గూళ్ళంటారు, విడిపోయిన కవలలంటారు. ఉండొచ్చు. నేను విద్యార్థులకు ఒకటే చెబుతాను: ముందు దారం చూడండి. ఒక రంగు మీద ఇంకో రంగును ఎక్కడ మొదలుపెట్టిందో, బిగువు ఎక్కడ పెంచిందో, కింది పొర కనబడేలా ఎక్కడ వదిలిందో చూడండి. అవి నిర్ణయాలు. మాటల్లో చెప్పలేనివాళ్ళకు నిర్ణయాలు ఉండవని అనుకోవడమే ఈ చరిత్రంతటిలో పెద్ద అన్యాయం. 2025లో బ్రిటన్‌లోని టర్నర్ ప్రైజ్ అనే కళా బహుమతి నెనా కాలు అనే శిల్పికి వచ్చింది. మేధో వైకల్యం ఉన్న కళాకారులకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆమె మాటల్లో చెప్పేది చాలా తక్కువ. గాలిలో వేలాడే ఆమె శిల్పాల్లో టేపులు, ప్లాస్టిక్, బట్ట ఎలా మెలితిరిగాయో చూస్తే, ఆమె ఏం చేస్తోందో ఆమెకు బాగా తెలుసని అర్థమవుతుంది.

విలియం ఉటర్‌మోలెన్ సంగతి కూడా ఇందులోకే వస్తుంది. లండన్‌లో ఉండే చిత్రకారుడు, 1995లో అల్జీమర్స్ అని తేలింది. ఆ తర్వాత ఐదారేళ్ళ పాటు తన ముఖాన్నే వేసుకున్నాడు. ఆ బొమ్మలను వరసగా పెట్టి ‘మెదడు ఎలా క్షీణిస్తుందో చూడండి’ అని షేర్ చేస్తుంటారు. 1997 నాటి బొమ్మలో ముఖం పక్కన ఒక రంపం ఉంటుంది. అప్పట్లో ఆ జబ్బును పూర్తిగా నిర్ధారించాలంటే చనిపోయాక మెదడు కోసి చూడాల్సిందే. అది తెలిసే ఆ రంపం వేశాడు. వరసలో పెట్టి చూసేవాళ్ళకు అది వంకర గీతల్లో ఒకటి. ఆగి చూస్తే, తనకు రాబోయేదాన్ని తెలిసి వేసిన ఒక మనిషి.

ఇక మీ షూటింగ్ సంగతి. ఒకసారి మా స్టూడియోకు వీడియో తీయడానికి ఒక బృందం వచ్చింది. మాలో ఒకాయన నీలంలో కొంచెం కొంచెంగా నల్లరంగు కలుపుతూ, కాగితం మూల మీద ప్రతిసారీ ఒక చుక్క పెట్టి చూసుకుంటున్నాడు. మంచి పనివాడు చేసే పని అది. కెమెరా ఆయన వణుకుతున్న మణికట్టు మీదికి వెళ్ళింది. ప్రశ్న పక్కనున్న నన్ను అడిగారు: ‘ఆయనకు ఏ రంగు ఇష్టమండీ?’ ఆయన చుక్కలు పెట్టడం ఆపి వాళ్ళ వైపు చూశాడు. ఆ చూపు వీడియోలో లేదు, చుక్కలూ లేవు.

కాబట్టి మీ అబ్బాయి చేసే పనిని పూర్తిగా చూపించండి, అతనికి పట్టే సమయం పట్టనివ్వండి. సీన్ నెమ్మదించిందని ఎడిటింగ్‌లో ముందుగా కత్తిరించేది అదే, దాన్ని కాపాడుకోండి. కెమెరా అతని కళ్ళ ఎత్తులో ఉండాలి. అతను గదిలో ఉండగా అతని గురించి వేరేవాళ్ళు మాట్లాడుకునే సీన్లు మీ స్క్రిప్ట్‌లో నాలుగున్నాయి. వాటిలో ఒక్కదాన్నైనా అతని వైపు నుంచి తీయండి, వాళ్ళ మాటలు అతనికి వినిపిస్తున్నట్టు.

ఆ పాత్రకు డౌన్ సిండ్రోమ్ ఉన్న నటుణ్ణే తీసుకోండి. ఇందులో నాకు సందేహం లేదు. వాళ్ళ అమ్మానాన్నలు సంతకం పెడితే సరిపోయిందనుకోకండి. కథను చిన్న చిన్న ముక్కలుగా, బొమ్మలతో, అతనికే చెప్పండి. మర్నాడు మళ్ళీ అడగండి, అతను చెప్పే మాట మారిందేమో చూడండి. ఏడ్చే సీన్, తిట్లు పడే సీన్ ముందే విడిగా చెప్పి ఒప్పించుకోండి. వద్దంటే ఆ సీన్ మార్చుకోండి. మిగతా నటులకు ఇచ్చే రేటే ఇవ్వండి. ఉదయం రిహార్సల్, మధ్యలో విరామాలు, రోజుకు తక్కువ షాట్లు వేసుకుంటే షెడ్యూల్ ఒకటి రెండు రోజులు పెరుగుతుంది, బడ్జెట్‌లో ఇప్పుడే కలుపుకోండి. ఎడిటింగ్ పూర్తి కాకముందే అతనికి సినిమా చూపించండి. పూర్తయ్యాక చూపిస్తే అతను చెప్పింది మార్చడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. స్క్రిప్ట్ రెండో డ్రాఫ్ట్ పంపండి, చదివి చెబుతాను.